కొత్త ఉప్పునీటి ట్యాంక్‌కి టెస్ట్ కిట్లు: ఏది ముందు, ఏది తర్వాత

ఉప్పునీటి అక్వేరియం కొత్తగా పెట్టుకునేవాళ్లకి మొదట్లో కావాల్సిన కొలతలు మూడే. నీళ్లలో ఉప్పు ఎంత, అమోనియా ఎంత, కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా పట్టి ఉంచే కార్బొనేట్ క్షారత) ఎంత. ఈ మూడింటికి మంచివి, అంతకంటే ముఖ్యంగా తాజావి కొనుక్కోండి. నైట్రేట్ కిట్ ఒక నెల ఆగి కొన్నా నష్టం లేదు. ఫాస్ఫేట్ మీటరు ఇంకా తర్వాత. కాల్షియం, మెగ్నీషియం కిట్లకి రాతి పగడాలు పెట్టేదాకా పనే లేదు. పది రకాల సీసాలున్న పెద్ద పెట్టె ఒకేసారి తీసేసుకోమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను వద్దంటాను. ఎందుకో వివరంగా చెప్తాను.

నేను హన్మకొండలో రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతాను. వెయిటింగ్ హాల్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్ ఉంది. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, కొన్ని మెత్తటి పగడాలు. సూది పేరు చెప్తేనే ఏడ్చే పిల్లలు దాని ముందు నిలబడితే కాసేపు అన్నీ మర్చిపోయి చెయ్యి చాపుతారు, అందుకే పెట్టాను. మా పనిలో పొద్దున షట్టర్ తీయగానే మెషీన్‌లో కంట్రోల్ వేస్తాం. విలువ ముందే తెలిసిన ద్రావణం అన్నమాట. అది సరైన రేంజ్‌లో వచ్చాకే పేషెంట్ శాంపిల్ ముట్టుకుంటాం. రీఏజెంట్ (పరీక్షకి వాడే రసాయనం) లాట్ నంబర్, ఎక్స్‌పైరీ చూడకుండా సీసా మూత తీయం. అక్వేరియం కిట్లని కూడా నేను అదే పద్ధతిలో చూశాను. అందుకే ఈ రివ్యూలో ఏ బ్రాండ్ గొప్పది అనేదానికంటే, మీ చేతిలో ఉన్న సీసా నిజం చెప్తోందా లేదా అని ఎలా తేల్చుకోవాలో ఎక్కువ రాస్తున్నాను.

చేపల కిట్ల కంటే ముందు ఒక చిన్న పరికరం కావాలి, నీళ్లలో కరిగి ఉన్న లవణాలు ఎంతో చూపించే టీడీఎస్ మీటరు. సముద్రం మనకి వందల కిలోమీటర్ల దూరం. ఉప్పు మిక్స్ కొని ఇంట్లో కలుపుకోవాల్సిందే, కాబట్టి కలిపే నీళ్లు ఎలాంటివన్నది మొదటి ప్రశ్న. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నుంచి వచ్చే నల్లా నీళ్లు తాగడానికి సరే, రీఫ్ ట్యాంక్‌కి, అంటే పగడాల ట్యాంక్‌కి, నేరుగా పనికిరావు. బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న నేల ఇది. మా ల్యాబ్ బోరు నీళ్లలో మీటరు పెడితే 900 దాటి చూపిస్తుంది. ఇంట్లో వంటగది ఆర్వో ఉంది కదా అంటారు. ఆ ఆర్వోల్లో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. రుచి కోసం మామూలు నీళ్లని కొంచెం మళ్లీ కలుపుతుంది. అందుకే అక్కడ 50, 60 కనిపిస్తుంది. నీళ్ల ప్లాంట్ క్యాన్‌లో కూడా దాదాపు ఇదే కథ. ఆ వాల్వ్ మూసేసి, ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలని కూడా లాగేసే డీఐ రెసిన్ కార్ట్‌రిడ్జ్ ఒకటి తగిలిస్తే మీటరు సున్నా చూపిస్తుంది. సున్నా వచ్చిన ఈ డీఐ నీళ్లు ట్యాంక్‌కే కాదు, కింద చెప్పబోయే ప్రతి పరీక్షకీ కావాలి.

ఇక ఉప్పు. ప్లాస్టిక్ పెట్టెలో ముల్లు ఊగే హైడ్రోమీటరు చవక, కానీ ముల్లుకి ఒక్క గాలి బుడగ అంటుకున్నా రీడింగ్ పైకి పోతుంది. నీళ్లలో వెలుతురు ఎంత వంగుతుందో చూసి ఉప్పు చెప్పే రిఫ్రాక్టోమీటరు తీసుకోండి. లక్ష్యం 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు), 25 డిగ్రీల దగ్గర స్పెసిఫిక్ గ్రావిటీలో చెప్పాలంటే 1.026. దీన్ని డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి సెట్ చేసి వదిలేయమని డబ్బాలోని కాగితం మీద రాసి ఉంటుంది. అది చాలదు. చవకగా దొరికే రిఫ్రాక్టోమీటర్లలో చాలావరకు మామూలు ఉప్పు ద్రావణం కోసం గీసిన స్కేలు ఉంటుంది. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నా 35 దగ్గర తేడా చూపిస్తాయి. మనం రోజూ చదివేది 35 దగ్గర కాబట్టి అక్కడే సరిచేయాలి. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం చిన్న సీసాల్లో అమ్ముతారు. దొరకకపోతే స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్ 36.5 గ్రాములు, డీఐ నీళ్లు 963.5 గ్రాములు తూచి కలపండి. 35 పీపీటీ సముద్రపు నీళ్ల వక్రీభవనం, దీని వక్రీభవనం ఒకటే. ఆ చుక్క గాజు మీద వేసి, అర నిమిషం ఆగి, స్క్రూ తిప్పి 35 గీత మీదికి తెచ్చుకోండి.

అమోనియా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్త ట్యాంక్‌లో చేపలు చచ్చేది దీనివల్లే. మేత, వ్యర్థం కుళ్లితే అమోనియా పుడుతుంది, దాన్ని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా పెరగడానికి మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. కిట్ కొలిచేది మొత్తం అమోనియా. అందులో విషపూరితమైన భాగం పీహెచ్‌ని బట్టి మారుతుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటి గప్పీ చేపల తొట్టిలో అది ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 8.2 ఉన్న ఉప్పునీళ్లలో ఎన్నో రెట్లు ఎక్కువ. నీళ్లు వేడెక్కేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అంటే మన ఎండాకాలం, ఉప్పునీళ్లు రెండూ కలిస్తే కిట్‌తో వచ్చే రంగు కార్డు మీద చిన్న అంకె కూడా చేపకి పెద్దదే.

అమోనియా కిట్లలో రెండు జాతులున్నాయి. ఒకటి నెస్లర్ పద్ధతి. పసుపు నుంచి గోధుమ రంగుకి వెళ్తుంది, వెంటనే రంగు వస్తుంది. కానీ ఉప్పునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల మసకబారుతుంది, పైగా అందులో పాదరసం ఉంటుంది, సింక్‌లో పారబోయకూడదు. రెండోది సాలిసిలేట్ పద్ధతి. పసుపు నుంచి ఆకుపచ్చకి వెళ్తుంది, నెమ్మది, కానీ ఉప్పునీళ్లకి ఇదే తగినది. డబ్బా మీద ఏ పద్ధతో చూసి కొనండి. ఏపీఐ అనే బ్రాండ్ వాళ్లది సాలిసిలేట్ రకం, మన దగ్గర ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరికేది కూడా అదే. 5 మిల్లీలీటర్ల నీళ్లలో మొదటి సీసా 8 చుక్కలు, రెండో సీసా 8 చుక్కలు వేసి, ఊపి, 5 నిమిషాలు ఆగాలి. ఆ 5 నిమిషాలూ గడియారం చూసే ఆగండి, రెండు నిమిషాలకే చూస్తే ఉన్న అమోనియా లేనట్టు కనిపిస్తుంది. సీసాని నిట్టనిలువుగా పట్టుకోవాలి, వాలిస్తే చుక్క సైజు మారిపోతుంది.

ఈ రకం కిట్లన్నిటిలోనూ ఒక చిక్కు ఉంది. కార్డు మీద సున్నా పసుపు, 0.25 కాస్త ఆకుపచ్చ కలిసిన పసుపు. ఈ రెండింటి మధ్య తేడా చెప్పడం ఎవరికైనా కష్టమే. కాజీపేట నుంచి ఒక పిల్లగాడు నా దగ్గరికి వస్తుంటాడు, ఇంటర్ చదువుతున్నాడు, కొత్తగా ట్యాంక్ పెట్టాడు. ట్యూబు చేతిలో పట్టుకుని అడిగాడు:

"అన్నా, దీన్ని సున్నా అంటవా, పావు అంటవా?"

"కార్డు పక్కన పెట్టు తమ్మీ. ఇంకో ట్యూబుల డీఐ నీళ్లు పోసి, గవే చుక్కలు వెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టి చూడు."

చూశాడు. రెండూ ఒకటే పసుపు. ఇక కార్డుతో పనేముంది? ల్యాబ్‌లో దీన్ని బ్లాంక్ అంటాం. ఖాళీ నీళ్లకీ మీ నీళ్లకీ తేడా కనిపిస్తే అమోనియా ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. రెండు ట్యూబుల్లోనూ చుక్కలు ఒకే సమయంలో వేయాలి, పొద్దున వేసిన బ్లాంక్‌ని సాయంత్రం వాడకూడదు. ఇంకొక మాట, బ్లాంక్‌కి అప్పుడే కలిపిన ఉప్పునీళ్లు వాడొద్దు, కొన్ని ఉప్పు మిక్స్‌లలోనే కొద్దిగా అమోనియా ఉంటుంది.

ఇది సున్నా వైపు. పై వైపు కూడా చూసుకోవాలి, అంటే అమోనియా ఉన్నప్పుడు కిట్ దాన్ని పట్టుకుంటుందా అని. అమోనియం క్లోరైడ్ 3.14 గ్రాములు ఒక లీటరు డీఐ నీళ్లలో కలిపితే అది 1000 పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు) అమోనియా. అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి లీటరు నీళ్లలో వేస్తే 1 పీపీఎం. ఆ నీళ్లతో పరీక్ష చేస్తే కార్డు మీద 1 దగ్గర రంగు రావాలి. రాకపోతే సీసా పాతదైందని అర్థం, డబ్బా మీద ఏ పేరున్నా సరే. ఈ ద్రావణంతో ఇంకో లాభం కూడా ఉంది. చేపలు లేకుండా ట్యాంక్‌ని సిద్ధం చేయడానికి ఇదే వాడొచ్చు. 200 లీటర్లకి 2 పీపీఎం కావాలంటే 400 మిల్లీలీటర్లు. అలా వేసిన అమోనియా ఒక్క రోజులో సున్నాకి దిగిందంటే చేపని తెచ్చుకోవచ్చు. ట్యాంక్ పెట్టి ఎన్ని వారాలైంది అనేది కాదు, ఈ పరీక్ష ఏం చెప్పింది అనేదే లెక్క.

నైట్రైట్ కిట్ విడిగా కొనమని నేను చెప్పను. మంచినీటి చేపలకి నైట్రైట్ ప్రాణాంతకం, మొప్పల గుండా రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్ మోయనివ్వదు. ఉప్పునీళ్లలో క్లోరైడ్ విపరీతంగా ఉంటుంది కాబట్టి నైట్రైట్‌కి మొప్పల్లోకి దారి దొరకదు. గప్పీని చంపే మోతాదు క్లౌన్ చేపని ఏమీ చేయదు. ఏదైనా సెట్‌లో కలిసి వస్తే వాడుకోండి, అంతే. కానీ నైట్రైట్ ఉన్నన్నాళ్లూ నైట్రేట్ కిట్‌ని మాత్రం నమ్మొద్దు. నైట్రేట్ కిట్లు పనిచేసే తీరే అలాంటిది. అవి నైట్రేట్‌ని ముందు నైట్రైట్‌గా మార్చి, ఆ నైట్రైట్‌కి రంగు తెప్పిస్తాయి. నీళ్లలో అప్పటికే నైట్రైట్ ఉంటే అదంతా నైట్రేట్ లెక్కలోకి వచ్చేస్తుంది. కాజీపేట పిల్లగాడు ట్యాంక్ పెట్టిన కొత్తలో ఒక రాత్రి ఫోన్ చేసి, నైట్రేట్ 80 చూపిస్తోంది, నీళ్లన్నీ మార్చేయాలా అని ఒకటే టెన్షన్. నైట్రైట్ చూడమంటే అది ఎర్రగా ఉంది. ఏమీ చేయకుండా ఆగమన్నాను. నైట్రైట్ పోయాక చూస్తే నైట్రేట్ 10 దగ్గరుంది. అతని కిట్‌లో తప్పేమీ లేదు, అడగాల్సిన సమయం కాదంతే.

ఆ సమయం వచ్చాక నైట్రేట్‌కి నా ఓటు సాలిఫర్ట్ బ్రాండ్ కిట్‌కి. ఒక మిల్లీలీటరు నీళ్లు, నాలుగు చుక్కలు, ఒక చెంచా పొడి, అర నిమిషం మెల్లగా తిప్పి మూడు నిమిషాలు ఆగాలి. పైనుంచి చూసి కార్డుతో పోల్చుకోవాలి. రంగు మరీ లేతగా ఉంటే పక్కనుంచి చూసి, వచ్చిన అంకెని పదితో భాగించుకోవచ్చు. రీఫ్ ట్యాంక్‌లో 2కీ 5కీ తేడా తెలియాలి, ఇందులో అది తెలుస్తుంది. ఏపీఐ నైట్రేట్ కిట్ ఉన్నవాళ్లు దాన్నే వాడుకోండి, కానీ రెండో సీసాని వాడే ముందు అర నిమిషం గట్టిగా కుదపండి, చుక్కలు వేశాక ట్యూబుని పూర్తిగా ఒక నిమిషం కుదపండి. ఆ సీసాలో అడుక్కి దిగిపోయే పొడి ఉంటుంది, నైట్రేట్‌ని మార్చే పని దానిదే. కుదపకుండా వేస్తే నీళ్లు ఎంత పాడైనా రంగు రాదు. సీసాని బల్ల అంచుకి నాలుగుసార్లు తట్టి మొదలుపెట్టడం మా టెక్నీషియన్ అలవాటు, నేనూ అదే నేర్చుకున్నాను.

కేహెచ్ సంగతి కొత్తవాళ్లు పట్టించుకోరు. పగడాలు లేవు కదా, కేహెచ్ ఎందుకని అడుగుతారు. అమోనియాని నైట్రేట్‌గా మార్చేటప్పుడు బ్యాక్టీరియా కేహెచ్‌ని ఖర్చు చేస్తాయి. 2 పీపీఎం అమోనియా పూర్తిగా నైట్రేట్ అయ్యేసరికి దాదాపు 0.7 డీకేహెచ్ (కేహెచ్ కొలిచే యూనిట్) పోతుంది. ట్యాంక్‌ని సిద్ధం చేసేటప్పుడు అలా పదేపదే అమోనియా వేస్తే 8 దగ్గర మొదలైనది 5కి, అంతకన్నా కిందికి దిగుతుంది. అప్పుడు పీహెచ్ పడిపోతుంది, బ్యాక్టీరియా నెమ్మదిస్తాయి. వారాలు గడిచినా అమోనియా తగ్గట్లేదని బాధపడే ట్యాంకుల్లో కేహెచ్ చూడమంటే చాలాసార్లు ఇదే కనిపించింది. సముద్రపు నీళ్లలో కేహెచ్ 7కి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ట్యాంక్‌లో 7 నుంచి 9 మధ్య ఉంచుకుంటే హాయి.

దీనికి రెండు మంచి దారులున్నాయి. సాలిఫర్ట్ కేహెచ్ కిట్ మొదటిది. నాలుగు మిల్లీలీటర్ల నీళ్లలో రెండు చుక్కల ఇండికేటర్ వేస్తే నీలం కలిసిన ఆకుపచ్చ వస్తుంది. ఒక మిల్లీలీటర్ సిరంజి నిండా రీఏజెంట్ తీసుకుని చుక్క చుక్క వదులుతూ తిప్పుతూ ఉండాలి. మొదట ఏ మార్పూ ఉండదు. తర్వాత చుక్క పడ్డచోట గులాబీ మెరుపు వచ్చి తిప్పగానే మాయమవుతుంది. అక్కడినుంచి చేతిని బాగా నెమ్మదించాలి. ఒక్క చుక్కతో మొత్తం నారింజ కలిసిన గులాబీ రంగుకి మారి, తిప్పినా అలాగే ఉండిపోతే ఆపెయ్యాలి. సిరంజిలో మిగిలింది చూసి పట్టికలో కేహెచ్ చదువుకోవాలి. సిరంజి మొనకి ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తాం కాబట్టి రీఏజెంట్‌కీ పిస్టన్‌కీ మధ్య కొంచెం గాలి కనిపిస్తుంది. దానివల్ల ఇబ్బంది లేదు. చదవాల్సింది ద్రావణం అంచు కాదు, నల్లటి పిస్టన్ అంచు. నింపేటప్పుడు ఎక్కడ చదివారో మిగిలినప్పుడూ అక్కడే చదవండి.

రెండోది హన్నా కంపెనీ చిన్న మీటరు, హన్నా చెకర్ హెచ్‌ఐ772. గాజు క్యూవెట్‌లో (మీటరులో పెట్టే చిన్న సీసా) 10 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి సున్నా కొట్టి, ఒక మిల్లీలీటరు రీఏజెంట్ కలిపి మళ్లీ పెడితే డీకేహెచ్ అంకె నేరుగా తెర మీద కనిపిస్తుంది. రంగులు పోల్చుకునే పని లేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు మగవాళ్లలో కొంతమందికి ఉంటాయి, వాళ్లు వేరే ఆలోచన లేకుండా ఇదే తీసుకోవాలి. నాకు కూడా రోజూ వాడటానికి ఇదే ఇష్టం, మా ల్యాబ్ పనికి దగ్గరగా ఉంటుంది. అయితే మీటరు ధరలో చేత్తో చేసే కిట్లు మూడు నాలుగు వస్తాయి, రీఏజెంట్ సీసా 25 పరీక్షలకే అయిపోతుంది, మళ్లీ తెప్పించుకోవాలి. క్యూవెట్ మీద వేలిముద్ర ఉన్నా, లోపల గోడకి బుడగ అంటుకున్నా అంకె మారుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూసి, అప్పుడు పెట్టండి. ఒక్కటే కొనగలిగే స్తోమత ఉన్న కొత్తవాళ్లకి సాలిఫర్ట్ చాలు. మిగిలిన డబ్బుతో డీఐ కార్ట్‌రిడ్జ్ కొనుక్కోండి.

కేహెచ్ కిట్‌ని ఇంట్లోనే పరీక్షించుకోవడం అమోనియా కంటే తేలిక. వంట సోడా కావాలి, బేకింగ్ పౌడర్ కాదు, ఒట్టి సోడియం బైకార్బొనేట్. 2.52 గ్రాములు లీటరు డీఐ నీళ్లలో కలపండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, మళ్లీ డీఐ నీళ్లు పోసి లీటరు చేయండి. అది 8.4 డీకేహెచ్. ఇంత సన్నంగా తూచే త్రాసు ఇంట్లో లేకపోతే తెలిసిన బంగారం షాపులో తూయించుకోండి, అక్కడి త్రాసు మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది. నా సాలిఫర్ట్ కిట్‌తో ఆ నీళ్లు చూస్తే 8.3 వచ్చింది, హన్నాలో 8.5. రెండూ నాకు సమ్మతమే. మీ కిట్ 9.5 చూపించినా భయపడక్కర్లేదు, ప్రతిసారీ అంతే ఎక్కువ చూపిస్తుంటే తీసేసి లెక్క వేసుకోవచ్చు. ఒకసారి 7, ఒకసారి 9 చూపించే కిట్‌తో మాత్రం ఏమీ చేయలేం.

పీహెచ్ కిట్‌కి విడిగా డబ్బు పెట్టొద్దు. ఏసీ కోసం తలుపులు, కిటికీలు మూసిన గదిలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్లే పీహెచ్ 7.8కి దిగుతుంది. మా వెయిటింగ్ హాలు నిండిన రోజు అదే చూస్తాను. కేహెచ్ సరిగ్గా ఉంటే కిటికీ తీస్తే చాలు. పీహెచ్ పెంచే సీసాలు కొని పోస్తే కేహెచ్ ఎటో పోతుంది. ఇక కాల్షియం సముద్రంలో 420 పీపీఎం దగ్గర, మెగ్నీషియం 1300 దగ్గర ఉంటాయి. మంచి ఉప్పు మిక్స్ సరైన కొలతలో కలిపితే ఇవి రెండూ వాటంతటవే వచ్చేస్తాయి. వాటిని తినేసే గట్టి పగడాలు, గుల్లలు వచ్చాకే వీటి కిట్లు కొనాలి.

ఫాస్ఫేట్‌కి రంగు కార్డులు పనికిరావని నా గట్టి అభిప్రాయం. మనకి తెలియాల్సిన తేడా 0.03కీ 0.1కీ మధ్య, ఆ లేత నీలాల్లో కన్ను ఏం పట్టుకుంటుంది? హన్నా హెచ్‌ఐ736 తీసుకుంటే ఫాస్ఫరస్ పీపీబీల్లో (పీపీఎంలో వెయ్యోవంతు) చూపిస్తుంది, 0 నుంచి 200 దాకా. వచ్చిన అంకెని 3.066తో హెచ్చించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం. 20 వచ్చిందంటే 0.06. దీని పొడి ప్యాకెట్‌ని పూర్తిగా దులపాలి, మూలల్లో ఇరుక్కుంటుంది. అద్దాల మీద నాచు మొదలయ్యాక కొనొచ్చు, ముందు అక్కర్లేదు.

నీళ్లలో ముంచి తీసే కాగితపు స్ట్రిప్స్ గురించి కూడా అడుగుతుంటారు. ఒకే చీలిక మీద ఐదారు గళ్లు, ఒక్క నిమిషంలో అన్నీ తెలిసిపోతాయని ఆశ. నేను ఒక డబ్బా తెప్పించి వానాకాలంలో వాడి చూశాను. మూత తీసిన కొన్నాళ్లకే గాలిలో తేమకి గళ్ల రంగులు వాటంతటవే మారాయి. పైగా చాలా స్ట్రిప్స్‌లో అమోనియా గడి ఉండదు, కొత్త ట్యాంక్‌కి కావాల్సిందే అది. వద్దు.

ఇప్పుడు అసలు మాట, కొనడం. మన దగ్గర హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల, వరంగల్ బజారులో ఉన్న అక్వేరియం షాపుల్లో మంచినీటి చేపల సామానే ఎక్కువ. ఉప్పునీటి కిట్లు అడిగితే హైదరాబాద్ నుంచి తెప్పిస్తామంటారు, లేదా మనమే ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తెప్పించుకోవద్దు. 44 డిగ్రీల ఎండలో కొరియర్ వ్యాన్ రేకు కింద రోజంతా ఉడికిన రీఏజెంట్ ఏం చెప్తుందో ఎవరికీ తెలియదు. మా ల్యాబ్ రీఏజెంట్లు ఐస్ ప్యాక్‌లతో వస్తాయి, చేపల కిట్లకి ఆ మర్యాద ఎవరూ చేయరు. దసరా తర్వాత కొనుక్కోండి, లేదా హైదరాబాద్ వెళ్లినప్పుడు చేతిలో పట్టుకుని తెచ్చుకోండి.

ఎక్స్‌పైరీ చూడకుండా డబ్బు కట్టొద్దు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నాకు పంపిన కిట్ గడువు ఇంకో రెండు నెలల్లో ముగుస్తుంది. ఫొటోలో డబ్బా మాత్రం కొత్తదే. అప్పటినుంచి ఆర్డర్ పెట్టే ముందే సీసా మీద తేదీ ఫొటో పంపమని అడుగుతున్నాను. పంపినవాళ్ల దగ్గరే కొంటున్నాను. ఏపీఐ సీసాల మీద లాట్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన నెల, సంవత్సరం చెప్తాయి. పెద్ద పెట్టె ఒకేసారి కొనొద్దు అనడానికి నా అసలు కారణం కూడా ఇదే. ఈ రోజు అవసరంలేని కాల్షియం కిట్, అవసరం వచ్చేసరికి రెండు ఎండాకాలాలు చూసేసి ఉంటుంది. తెరిచిన రోజు తేదీని పెన్నుతో సీసా మీద రాసుకోండి. వంటగది స్టవ్ పక్కన, ట్యాంక్ కింది స్టాండులో లైట్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టొద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, చీకటిగా ఉండే అల్మారా చూసుకోండి.

రంగు చూసేటప్పుడు ట్యాంక్ నీలం లైటు కింద చూడకూడదు, ఏ రంగూ నిజంగా కనిపించదు. పగటి పూట కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడకుండా, ట్యూబు వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. ఎప్పుడూ ఒకే చోట, వీలైతే ఒకే మనిషి చూడాలి. మా ల్యాబ్‌లో రంగు కార్డు చదివేది మా టెక్నీషియన్ అమ్మాయే, ఆమె కళ్లు నాకంటే చురుకు. రాత్రి పరీక్ష తప్పనిసరైతే తెల్లటి ట్యూబ్‌లైట్ కింద చూడండి, కానీ అప్పుడు వచ్చిన అంకెని పగటి అంకెతో పోల్చొద్దు.

పని అయ్యాక ట్యూబులు, సిరంజి డీఐ నీళ్లతో మూడుసార్లు కడిగి బోర్లించాలి. నల్లా నీళ్లతో కడిగి ఆరబెడితే గోడల మీద ఉప్పు పొర మిగిలి, తర్వాతి కేహెచ్ పరీక్షలో కలుస్తుంది. పరీక్షకి ముందు అదే ట్యాంక్ నీళ్లతో ఒకసారి కడిగి పారబోయండి. ఈ సీసాల్లో కొన్నిటిలో ఆమ్లం, కొన్నిటిలో కాస్టిక్ క్షారం ఉంటాయి, నైట్రేట్ మొదటి సీసాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమోనియా రెండో సీసాలో సోడియం హైడ్రాక్సైడ్. చూడటానికి కంటి చుక్కల సీసాల్లాగే ఉంటాయి. ఇంట్లో కంటి చుక్కలు వేసుకునే పెద్దవాళ్లున్నా, చిన్నపిల్లలున్నా ఈ డబ్బాని మందుల డబ్బా దగ్గర అస్సలు పెట్టకండి, వేరే అరలో తాళం వేసి పెట్టండి. పరీక్ష అయిన నీళ్లని ఎప్పటికీ ట్యాంక్‌లో తిరిగి పోయొద్దు.